నేల టిక్కెట్టు నుంచి ఫోను తెర దాకా: సినిమా ప్రేమ ఎవరిది?

సినిమాని ప్రేమించడం అనే మాటకి మన దగ్గర రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఫిల్మ్ క్లబ్బులో కూచుని సత్యజిత్ రేనీ కురొసావానీ చూసి, బయటికొచ్చి చర్చించే పెద్దమనిషి ప్రేమ. దానికి రసజ్ఞత అని పేరు. రెండోది, మొదటి ఆట టిక్కెట్టు కోసం లాఠీదెబ్బలు తిని, నేలమీద కూచుని, హీరో తెరమీదికి రాగానే కాగితం ముక్కలు ఎగరేసే కుర్రాడి ప్రేమ. దానికి పిచ్చి అని పేరు. ఇద్దరూ చూసేది సినిమానే. మరి ఒకరిది రసజ్ఞత, ఇంకొకరిది పిచ్చి ఎందుకయ్యాయి? ఈ తేడాని సినిమా తెచ్చిపెట్టలేదు. సినిమా పుట్టకముందే ఊరికీ వాడకీ మధ్య గీసిన గీత అది.

గత ఇరవయ్యేళ్ళలో డిజిటల్ టెక్నాలజీ సినిమా తీసే పద్ధతినీ, పంచే పద్ధతినీ, చూసే పద్ధతినీ మార్చేసింది. ఈ మార్పు గురించి రాసేవాళ్ళు సాధారణంగా రెండు మాటల్లో ఏదో ఒకటి చెప్తారు. హాలు పోయింది కాబట్టి సినిమా ప్రేమ చచ్చిపోయిందని కొందరు. ఫోను వచ్చింది కాబట్టి సినిమా అందరిదీ అయిపోయిందని ఇంకొందరు. రెండు వాదనలూ ప్రేక్షకుడికి కులం లేదనుకుని చేసేవే. ప్రేక్షకుడు ఎక్కడ కూచున్నాడు, ఎప్పుడు చూశాడు, చూసినందుకు ఏం చెల్లించాడు అన్న ప్రశ్నలు వాటిలో లేవు. ఆ ప్రశ్నలు వేసుకుంటే ఈ చరిత్ర ఇంకోలా కనపడుతుంది. డిజిటల్ మనకి రెండు ఇచ్చింది, రెండు తీసుకుంది. ఆలస్యాన్ని తీసేసింది, బొమ్మని ఆపి చూసే శక్తిని చేతికిచ్చింది. కానీ పోట్లాడి సంపాదించుకున్న చోటుని లాగేసుకుంది, తాళంచెవిని తన దగ్గరే ఉంచుకుంది. ఈ నాలుగింటినీ వరసగా చూద్దాం.

1. చీకటి అందరికీ ఒకటేనా?

1996 ఫిబ్రవరిలో అమెరికన్ రచయిత్రి సూసన్ సొంటాగ్ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాసింది. సినిమాకి నూరేళ్ళు నిండాయి, సినిమా ప్రేమ మాత్రం అంతరించిపోతోందన్నది దాని సారాంశం. ఆమె లెక్కలో సినిమా ప్రేమంటే చీకటి హాల్లో, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య కూచుని, మనకంటే పెద్దదైన బొమ్మకి లొంగిపోవడం. ఇంట్లో టీవీలో చూస్తే అది సినిమా చూసినట్టు కాదు. 1936లో పారిస్‌లో మొదలైన సినిమాథెక్, 1951లో అక్కడే పుట్టిన 'కయే ద్యు సినిమా' పత్రిక పెంచిపోషించిన ప్రేమ అది. మన దేశంలో 1947లో పుట్టిన కలకత్తా ఫిల్మ్ సొసైటీ, 1959లో ఏర్పడిన ఫిల్మ్ సొసైటీల సమాఖ్య ఆ ప్రేమనే ఇక్కడికి తెచ్చాయి.

ఆ ప్రేమ దొంగదని అనడం లేదు. కానీ 'ముక్కూమొహం తెలియని మనుషులు' అన్న మాట దగ్గర ఆగాలి. మన ఊళ్ళలో ఉన్న సినిమా హాల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎవరు? పక్కన కూచున్నవాడి ఇంటిపేరు తెలుసు, వాళ్ళ నాన్న ఎవరి దగ్గర పాలేరుగా ఉన్నాడో తెలుసు. లైట్లు ఆరిపోతే తెర తప్ప ఏమీ కనపడదన్నది పారిస్ సంగతి. మన దగ్గర లైట్లారినా కులం కనపడుతూనే ఉంటుంది.

అయినా హాలు మనకి చిన్న విషయం కాదు. శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి 1981లో తమిళ సమాజం గురించి ఒక ముఖ్యమైన సంగతి గుర్తించాడు. తమిళులంతా ఒకే కప్పు కింద కూచున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలే. అక్కడ ఎవరు ఎక్కడ కూచోవాలో పుట్టుక చెప్పలేదు, టిక్కెట్టు డబ్బులు చెప్పాయి. ఈ మాట తెలుగు నేలకీ వర్తిస్తుంది. 1921లో బెజవాడలో మారుతీ టాకీస్ కట్టిన నాటికి మనకి గుళ్ళోకి దారి లేదు, ఊరి చెరువు దగ్గర దారి లేదు, కాఫీ హోటల్లో సమానమైన గ్లాసు లేదు. సినిమా హాలు వాడు మాత్రం డబ్బు తీసుకుని టిక్కెట్టు చించి ఇచ్చాడు. వాడు సంస్కర్త కాదు, వ్యాపారి. వాడికి మన అణా కావాలి. ఆ అణా కోసం అతను తెరిచిన తలుపు, ధర్మం కోసం ఏ గుడీ తెరవలేదు.

అయితే లోపల నేల, బెంచీ, కుర్చీ అని మళ్ళీ మెట్లున్నాయి. పేరుకి అవి డబ్బు మెట్లు. ఎవరి చేతిలో ఎంత డబ్బు ఆడాలో నిర్ణయించింది కులమే కాబట్టి, నేలంతా కూలి జనంతో నిండింది, కుర్చీలు ఊరి పెద్దలతో నిండాయి. ఎవరి మెట్టు మీద వాళ్ళున్నంత కాలం హాల్లో శాంతి ఉంది. ఆ శాంతి ఎప్పుడు చెడింది? వాడ పిల్లలు చదువుకుని, ఒంగకుండా నడిచి, ఊరివాళ్ళతో సమానంగా సీట్లలో కూచోవడం మొదలుపెట్టినప్పుడు చెడింది.

1991 జూలై మొదటి వారంలో గుంటూరు జిల్లా చుండూరులో జరిగింది ఇదే. సినిమా హాల్లో పై చదువులు చదివే ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూచున్న రెడ్డి యువకుడికి తగిలింది. ఒక కాలు తగలడం, అంతే. దానికి కొట్టడం, ఆ తర్వాత మొత్తం దళితవాడని వెలివేయడం, కూలి పనుల నుంచి తీసేయడం, చివరికి ఆగస్టు 6న పొలాల్లో తరిమి తరిమి నరికి, శవాలు గోతాల్లో కుక్కి కాలవలో పడేయడం. 8 మంది చనిపోయారు. వాళ్ళని ఊరి నడిమధ్యలో పూడ్చిపెట్టి ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఆ ఊళ్ళోనే కూచున్న ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది. ఆ తీర్పు మీద బాధితులు సుప్రీంకోర్టు మెట్లెక్కారు.

చుండూరు గురించి మనం ఎంతో రాసుకున్నాం, ఎంతో పాడుకున్నాం. సినిమా చరిత్ర రాసేవాళ్ళలో చాలామంది మాత్రం చుండూరుని సినిమా చరిత్రలో భాగంగా చూడలేదు. చూడాలి. చీకటి హాల్లో అందరూ కలిసి చూసే ప్రేమ గురించి మాట్లాడేవాళ్ళు, ఆ చీకట్లో కాలు తగిలితే ఏమవుతుందో కూడా మాట్లాడాలి.

2. రీళ్ళ పెట్టె ఎన్నాళ్ళకి వచ్చేది?

ఫిలిం రోజుల్లో సినిమా అంటే ఒక బరువైన వస్తువు. వెయ్యి అడుగుల రీలు తెరమీద దాదాపు 11 నిమిషాలు నడుస్తుంది. తెలుగు సినిమా 14, 16 రీళ్ళుండేది. వాటిని ఇనప పెట్టెల్లో పెట్టి రైల్లో, బస్సు టాపు మీద పంపేవాళ్ళు. ఒక్కో ప్రింటు తీయడానికి చివరి రోజుల్లో 50, 60 వేల రూపాయల దాకా అయ్యేది. అందుకని తక్కువ ప్రింట్లు తీసి వాటినే తిప్పేవాళ్ళు. విజయవాడ, హైదరాబాదు లాంటి ఏ సెంటర్లలో ముందు ఆడాలి. తర్వాత బి సెంటర్లు. ఆ తర్వాత సి సెంటర్లు. అన్నిటికంటే చివర్న టూరింగ్ టాకీసు.

పల్లెటూరి డేరా దాకా వచ్చేసరికి సినిమాకి ఏడాదో రెండేళ్ళో నిండేవి. బొమ్మ మీద వాన కురిసినట్టు గీతలు. తెగిన చోటల్లా అతికించగా సగం మాటలు ఎగిరిపోయేవి. పైనుంచి కిందికి వచ్చే దారిలో ఎవరో ఒకరు పాట ముక్క కత్తిరించి దాచుకునేవాళ్ళు. ప్రొజెక్టరు ఒకటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆగేది. వాడ ప్రేక్షకుడు చూసింది అందరూ చూసి వదిలేసిన సినిమా. ఊరి వాళ్ళు కట్టి విడిచిన బట్ట కట్టుకున్నట్టు, మిగిలిన కూడు తెచ్చుకున్నట్టు, సినిమా కూడా మనకి మిగులుగానే వచ్చింది. అంటే ఊరికీ వాడకీ మధ్య దూరం నేలమీదే కాదు, కాలంలో కూడా ఉంది.

ఈ ఆలస్యాన్ని దాటడానికే మన కుర్రాళ్ళు పట్నానికి సైకిళ్ళ మీద పోయారు. మొదటి రోజు మొదటి ఆట అన్నదానికి అంత విలువ ఎందుకొచ్చిందో ఇక్కడ అర్థమవుతుంది. అది తారని దేవుణ్ణి చేసుకున్న గుడ్డి భక్తి అని చాలామంది మేధావులు తేల్చేశారు. 2009లో వచ్చిన 'మెగాస్టార్' పుస్తకంలో ఎస్.వి. శ్రీనివాస్ ఈ తీర్పుని ఒప్పుకోలేదు. అభిమాని భక్తుడు కాదు, తారని అడిగేవాడు, తను కోరింది ఇవ్వకపోతే కోప్పడేవాడు, హాల్లో తనకొక హక్కు ఉందనుకునేవాడు అని చూపించాడు. బయట ఏ పెత్తనమూ లేని కుర్రాడు హాలు ముందు బ్యానరు కట్టి పెత్తనం చేశాడు. ఆ పెత్తనం ఎవరి ఖాతాలో పడింది, ఏ కులం హీరోకి మన భుజాలు మెట్లయ్యాయి అన్నది వేరే చర్చ. అది మనం ఖచ్చితంగా చేయాల్సిన చర్చే. కానీ ఆ ఉత్సాహంలో ఉన్న ఆత్మగౌరవాన్ని కొట్టేయడానికి వీల్లేదు.

1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది, వెనకాలే వీసీఆర్, వీడియో షోలు వచ్చాయి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. వీటితో ఒక కొత్త చిక్కు వచ్చింది. హాల్లోకి టిక్కెట్టు కొంటే పోవచ్చు. టీవీ ఉన్న ఇంట్లోకి? మొదట్లో టీవీ కొన్నది డబ్బున్న కులాల ఇళ్ళు. ఆదివారం సినిమా చూడాలంటే ఆ ఇంటి వాకిట్లో కూచోవాలి, లేదా కిటికీ పట్టుకుని నిలబడాలి. గడప దాటడం అనేది ఇంటివాళ్ళ దయ. సాంకేతికత ముందుకి నడిచింది, మనల్ని మాత్రం హాలు బెంచీ నుంచి మళ్ళీ వాకిట్లోకి దింపింది. టెక్నాలజీ ఎటు పోతే సమాజం అటే పోతుందని నమ్మేవాళ్ళు ఈ వాకిలిని గుర్తుపెట్టుకోవాలి.

డిజిటల్ ఈ వరసని తెంచింది. 2005లో హాలీవుడ్ స్టూడియోలు డిజిటల్ ప్రదర్శనకి ఉమ్మడి ప్రమాణాలు తయారుచేసుకున్నాయి. ఆ రోజుల్లోనే మన దేశంలో యూఎఫ్ఓ మూవీజ్ ఉపగ్రహం ద్వారా సినిమాని థియేటర్లకి పంపడం మొదలుపెట్టింది. మద్రాసు నుంచి క్యూబ్ వచ్చింది. 2013లో ఫ్యూజీ కంపెనీ సినిమా ఫిలిం తయారీ ఆపేసింది. 2010 దశకం సగమయ్యేసరికి తెలుగులో రీళ్ళ పెట్టె దాదాపు మాయమైంది. ప్రింటు ఖర్చు లేదు కాబట్టి ఎన్ని హాళ్ళలోనైనా ఒకే రోజు వేయొచ్చు. మండల కేంద్రంలో ఉన్న హాలుకీ హైదరాబాదు హాలుకీ ఒకే రోజు, ఒకే బొమ్మ. 2016లో జియో వచ్చి ఇంటర్నెట్టుని చవక చేశాక ఆ బొమ్మ చేతిలోకే వచ్చింది. నలుగురు తినగా మిగిలింది కాకుండా, నలుగురితో పాటు వేడివేడిగా వడ్డించుకున్నట్టయింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ ఆలస్యంగా సినిమా చూసి ఉండరు.

3. ఆపి చూడడం

హాల్లో బొమ్మ మన కోసం ఆగదు. అది పరిగెత్తుతుంది, మనం వెంటపడతాం. ప్రేమించడానికి అది సరిపోతుంది గాని ప్రశ్నించడానికి సరిపోదు. పాత సినిమాల్లో కులం గురించి రాయాలనుకున్న మనవాళ్ళకి చాలాకాలం జ్ఞాపకమే ఆధారం. పాటల పుస్తకం, ఎప్పుడో చూసిన ఆట, ఎవరో చెప్పిన కథ. ఇప్పుడు బొమ్మని ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, ఒక్క దృశ్యాన్ని పదిసార్లు చూడొచ్చు. సినిమా ప్రేమలో వచ్చిన అసలు మార్పు ఇదేనని చెప్పాలి. లొంగిపోయే ప్రేమ విచారించే ప్రేమగా మారే వీలు దొరికింది.

ఒక ఉదాహరణ. 2016 జూలైలో వచ్చిన పా. రంజిత్ 'కబాలి' మొదట్లో రజనీకాంత్ జైల్లో ఒక పుస్తకం చదువుతూ కనపడతాడు. హాల్లో ఆ క్షణంలో ఈలలు, అరుపులు. పుస్తకం ఎవరికి కనపడుతుంది? తర్వాత ఆ దృశ్యం నిలిపిన ఫోటోలుగా ఫోన్లలో తిరిగింది. అప్పుడు తెలిసింది, అది వై.బి. సత్యనారాయణ రాసిన 'మై ఫాదర్ బాలయ్య' అని. తెలంగాణలో ఒక మాదిగ కుటుంబం రైల్వే కొలువు పట్టుకుని, ఆకలిని ఓర్చుకుని, మూడు తరాల్లో చదువులోకి ఎలా నడిచిందో చెప్పే పుస్తకం. మన తెలంగాణ మాదిగ తండ్రి కథని ఒక తమిళ దర్శకుడు దేశంలోనే పెద్ద హీరో చేతిలో పెట్టాడు. తెలుగు సినిమా అంత పని ఎప్పుడు చేసింది? ఆపి చూసే ప్రేక్షకుడు ఉన్నాడని రంజిత్‌కి తెలుసు. అందుకే అతని సినిమాల్లో గోడమీద బొమ్మలు, బల్లమీద పుస్తకాలు కూడా మాట్లాడతాయి.

ఈ కంటితోనే పాత తెలుగు సినిమాల దగ్గరికి తిరిగి వెళ్ళాలి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' ఆ కాలానికి సాహసమే. చలం కథ, గుడి ప్రవేశం సమస్య, బ్రాహ్మణ యువకుడూ మాలపిల్లా ప్రేమించుకోవడం. కానీ ఆ సినిమాకి డబ్బు పెట్టిన సారథి సంస్థ వెనక చల్లపల్లి జమీందారున్నాడు. మాలపిల్లగా వేసింది అందగత్తెగా పేరుమోసిన కాంచనమాల. 1981లో కె. విశ్వనాథ్ 'సప్తపది'లో హరిజనుడైన వేణువాద్యకారుణ్ణి ప్రేమించిన మనవరాల్ని తాత చివరికి అతని చేతిలో పెడతాడు. దానికి జాతీయ సమైక్యతా చిత్రంగా అవార్డు కూడా వచ్చింది. ఆగి ఆగి చూస్తే అడగాల్సిన ప్రశ్నలు దొరుకుతాయి. గొప్పతనం ఎవరికి దక్కింది? మనసు మారడం ఎవరి కథ? ప్రేమించిన దళితుడికి మాట్లాడేందుకు ఎన్ని నిమిషాలిచ్చారు? అతని వాడ, అతని తల్లి, అతని పని ఎంతసేపు కనపడ్డాయి? ఈ లెక్క ఇప్పుడు ఎవరైనా తీయొచ్చు. డిగ్రీ చదివే పిల్లలు ఫోనులో గడియారం పెట్టుకుని తీయొచ్చు. దీనికి ఫిల్మ్ క్లబ్బు సభ్యత్వం అక్కర్లేదు.

చూడడమే కాదు, చూపించడం కూడా మొదలైంది. 2010 దశకం మొదట్లో హైదరాబాదులో మొదలైన దళిత్ కెమెరా చిన్న కెమెరాతో మన సభల్నీ, మన పెద్దల మాటల్నీ, దాడులు జరిగిన వాడల్లో బాధితుల సాక్ష్యాల్నీ రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టింది. మరాఠీలో నాగరాజ్ మంజులే 'ఫాండ్రీ' చివర్లో ఆ పిల్లాడు విసిరిన రాయి నేరుగా మన మొహం మీదికి వస్తుంది. తమిళంలో 2018లో మారి సెల్వరాజ్ 'పరియేరుమ్ పెరుమాళ్' వచ్చింది. తెలుగులో కరుణ కుమార్ 'పలాస 1978' 2020 మార్చి 6న విడుదలై, రెండు వారాలు తిరగకముందే కరోనాతో హాళ్ళు మూతబడ్డాయి. రీళ్ళ కాలమైతే అది అక్కడే చచ్చిపోయేది. తర్వాత చూసినవాళ్ళు ఇళ్ళలో కూచుని, ఫోన్లలో చూశారు.

4. పోయిన చోటు

ఇక తీసుకున్న లెక్క. డిజిటల్ వచ్చాక హాలు బతకాలంటే కొత్త ప్రొజెక్టరు, కొత్త సౌండు, ఏసీ కావాలి. పెట్టలేని చిన్న హాళ్ళు మూతబడి కల్యాణ మంటపాలుగా, గోడౌన్లుగా మారిపోయాయి. రీళ్ళ పెట్టె మోసేవాడు, రీలు చుట్టేవాడు, కార్బను కడ్డీ సర్దుతూ ఉక్కలో నిలబడ్డ ఆపరేటరు, వాళ్ళ చేతిపని ఏ లెక్కలోనూ లేకుండా పోయింది. 2003లో హైదరాబాదులో ప్రసాద్స్‌తో మొదలైన మల్టీప్లెక్సు పద్ధతి పట్నాలన్నిటికీ పాకింది. మల్టీప్లెక్సులో నేల క్లాసు లేదు. అంటే మెట్లు పోయాయని కాదు, కింది మెట్టు మీద నిలబడే మనిషినే గుమ్మం బయట ఉంచేశారని. టిక్కెట్టు ఫోనులో కొనాలి, ఆ ఖర్చు వేరే. లోపల తినుబండారాల ధర చూస్తే రోజు కూలీ గుర్తొస్తుంది.

2021 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35 తెచ్చి పంచాయతీల్లో ఏసీ లేని హాళ్ళలో అట్టడుగు టిక్కెట్టు 5 రూపాయలన్నప్పుడు పరిశ్రమ గగ్గోలు పెట్టింది. 2022 మార్చిలో ఆ అట్టడుగు ధరని 20 రూపాయలకి సవరించారు. ఆ ధరకి హాలు నడుస్తుందా, అందులో రాజకీయ కక్ష ఎంత అన్నది అప్పుడు గట్టిగా చర్చించారు. కానీ ఆ చర్చంతా నిర్మాతలు, హీరోలు, మంత్రుల మధ్యే నడిచింది. 5 రూపాయల టిక్కెట్టు మీద కూచునే మనిషిని పిలిచి అడిగినవాళ్ళు లేరు. నేల టిక్కెట్టు అనేది ఒక ధర మాత్రమే కాదు, సమాజంలో కలిసి కూచోడానికి మనకున్న అతి చవక దారి అన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఫోను హాలుకి బదులవుతుందా? ఒక్క విషయంలో హాలుకంటే మేలే. వాడ ఆడవాళ్ళకి హాలు ఎప్పుడూ అంత దగ్గర కాదు. పగలంతా నాట్లు, కలుపులు, రాత్రి వంట. రెండో ఆటకి పోయి చీకట్లో తిరిగి రావడమంటే భయం, మాట పడడం. ఇప్పుడు పని అయ్యాక చెవిలో పెట్టుకుని చూసుకుంటున్నారు. కానీ చాలా ఇళ్ళలో ఆ ఫోను మొగుడిదో కొడుకుదో. వాళ్ళు ఇంటికొచ్చి పెట్టినప్పుడే సినిమా. ఇంకో సంగతి, ఫోనులో కాలు ఎవరికీ తగలదు. గొడవ లేదు, నిజమే. చుండూరులో మనం అడిగింది గొడవ లేని చోటు కాదు, కాలు తగిలినా మనుషుల్లా సర్దుకు కూచునే చోటు. ఎవరి తెర వాళ్ళకిచ్చి ఎవరి మూలన వాళ్ళని కూచోబెడితే కుల సమాజానికి అంతకంటే హాయి ఏముంది? వేరువేరుగా ఉంచడమే కదా దాని అసలు పని!

హాలు మీద ఆకలి మాత్రం చావలేదు. 2022 ఆగస్టులో 'పోకిరి', దాని వెనక 'జల్సా' మళ్ళీ వేస్తే కుర్రాళ్ళు కొత్త సినిమాలాగా ఎగబడ్డారు. అప్పటి నుంచి పాత సినిమాలు మళ్ళీ విడుదల చేయడం ఒక వరసయ్యింది. డైలాగులన్నీ కంఠతా వచ్చిన సినిమాకి డబ్బు పెట్టి ఎందుకు పోతున్నారు? ఫోనులో బొమ్మ దొరికింది గానీ పక్కన మనుషులు దొరకలేదు కాబట్టి. ఇంత చిన్న సంగతిని సొంటాగ్ కంటే మన అభిమానులే బాగా చెప్పారు.

5. తాళంచెవి ఎవరి దగ్గర?

రీళ్ళ పెట్టె వస్తే ఆ పెట్టె హాల్లో ఉండేది. డిజిటల్ సినిమా అలా కాదు. దానికి తాళం వేసి పంపుతారు. ఏ హాల్లో, ఏ ప్రొజెక్టరు మీద, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తెరుచుకోవాలో ఆ తాళంచెవిలోనే రాసి ఉంటుంది. గడువు దాటితే సినిమా హాల్లోనే ఉంటుంది, తెరుచుకోదు. ఈ తాళాల కంపెనీలు వసూలు చేసే ఫీజులు ఎక్కువైపోయాయని 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలే హాళ్ళకి సినిమాలు ఇవ్వడం ఆపేశారు. పెద్ద పెట్టుబడిదారులకే ఊపిరాడని చోట, అప్పు చేసి చిన్న సినిమా తీసిన మన కుర్రాడి సంగతి చెప్పక్కర్లేదు.

ఓటీటీల సంగతి ఇంకా సున్నితం. 2021 నవంబరులో 'జై భీమ్' అమెజాన్‌లో నేరుగా విడుదలైంది. ఇరుల ఆదివాసీల మీద పోలీసు హింస, 1993 నాటి కేసు, లాయరు చంద్రు పోరాటం. ఐఎండీబీ అనే ప్రేక్షకుల మార్కుల జాబితాలో హాలీవుడ్ సినిమాల్ని దాటి మొదటికి పోయింది. అదే సమయంలో అందులో గోడమీద కనపడిన ఒక క్యాలెండరు తమ కులాన్ని సూచిస్తోందని వన్నియార్ సంఘాలు గొడవ చేశాయి. నిర్మాతలు ఆ దృశ్యంలో క్యాలెండరు మార్చేశారు. ఆ అభ్యంతరం న్యాయమా కాదా అన్నది పక్కన పెడదాం. విడుదలైన సినిమాని, ఇంటింటా ఉన్న సినిమాని, మీట నొక్కి మార్చేయొచ్చని తేలింది. రీలు కాలంలో ఎక్కడో ఒక పాత ప్రింటు మిగిలేది. ఇప్పుడు మన దగ్గర ఉన్నదనుకునే సినిమా నిజానికి మన దగ్గర లేదు.

దళిత బాలిక హత్య, పోలీసుల కులం మీద సంధ్యా సూరి తీసిన 'సంతోష్' బ్రిటన్ తరఫున ఆస్కార్ పోటీకి పోయింది. ఇక్కడ 2025లో సెన్సారు హాళ్ళలోకి రానివ్వలేదు. అదే ఏడాది అక్టోబరులో ఓటీటీలో వస్తుందని ప్రకటించి అదీ ఆపేశారు. అంతకుముందు 2020 జూన్‌లో టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు, హీరో డైలాగుకి తన మొహం, తన గుడిసె, తన పొలంగట్టు జోడించి నటించిన కూలి పిల్లల వీడియోలు ఒక్క రాత్రిలో అందకుండా పోయాయి. నిషేధం వెనక కారణం చైనాతో గొడవ. కానీ అవి దాచుకోదగ్గ చరిత్ర అని ఎవరూ అనుకోలేదు.

అనుకోకపోవడం కొత్త కాదు. తెలుగువాళ్ళ మొదటి మూకీ 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ' పోయింది. మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931లో వచ్చిందని దశాబ్దాల పాటు చెప్పుకున్నాం. రెంటాల జయదేవ పాత కాగితాలు వెతికి 1932 ఫిబ్రవరి 6 అని తేల్చాడు. పెత్తనం చేసే కులాల సినిమా చరిత్రే ఇలా ఉంటే మనది? మలయాళం మొదటి సినిమా 'విగతకుమారన్'లో నాయర్ స్త్రీగా వేసిన పి.కె. రోజీ పులయ స్త్రీ. తెరమీద ఆమెని చూసి తిరువనంతపురంలో పెద్దకులాల వాళ్ళు హాలు మీద రాళ్ళేశారు, ఆమె గుడిసె కాల్చారు. ఆమె ఊరొదిలి పారిపోయింది. సినిమా మిగల్లేదు. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ తన మొదటి పేజీలో ఆమె బొమ్మ వేసింది. లోకమంతా చూసింది. సంతోషమే. కానీ ఆమె నటనలో ఒక్క నిమిషం కూడా ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు. డిజిటల్ ఉన్నదాన్ని పంచగలదు. దాచనిదాన్ని పుట్టించలేదు.

6. మన పని

2015 ఆగస్టులో ముజఫర్‌నగర్ అల్లర్ల మీద నకుల్ సింగ్ సాహ్ని తీసిన డాక్యుమెంటరీ ప్రదర్శనని ఢిల్లీలో ఏబీవీపీ అడ్డుకుంది. దాన్ని ఖండిస్తూ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నిరసన చేసింది. దాని మీద ఒక ఫేస్‌బుక్ రాత, గొడవ, ఫిర్యాదులు, ఐదుగురు దళిత విద్యార్థుల వెలివేత, చివరికి 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణం. 1991లో సినిమా హాల్లో సీటు, 2015లో సినిమా చూసే హక్కు. మధ్యలో 24 ఏళ్ళు, ఒక పెద్ద సాంకేతిక విప్లవం. కలిసి కూచుని చూడడం ఇప్పటికీ ప్రమాదకరమైన పనే అని ఈ రెండూ చెప్తున్నాయి. ప్రమాదకరమైంది కాబట్టే అది విలువైంది.

కాబట్టి హాలు పోయిందని ఏడవడం, ఫోను వచ్చిందని మురవడం, రెండూ మన పని కాదు. మన పనులు వేరే ఉన్నాయి. టూరింగ్ టాకీసుల్లో, నేల క్లాసుల్లో సినిమా చూసిన తరం ముసలిదైపోయింది. ఏ సినిమా ఏ డేరాలో చూశారు, ఎక్కడ కూచున్నారు, ఎవరు లేవమన్నారు, ఎవరు లేవలేదు, ఇవన్నీ వాళ్ళ నోటితోనే రికార్డు చేయాలి. కాలేజీ పిల్లలు ఒక్కో వేసవిలో ఒక్కో వాడ తీసుకుంటే చాలు. ఆపరేటర్లనీ గేటు మనుషుల్నీ అడగాలి. మన సభల వీడియోలు, మన పిల్లలు తీసిన చిన్న సినిమాలు ఒక్క యూట్యూబ్‌ని నమ్మి వదలకూడదు. ఒక కాపీ మన గ్రంథాలయంలో, ఇంకో కాపీ ఇంకో ఊళ్ళో ఉండాలి. అంబేడ్కర్ భవనాలు చాలా చోట్ల ఉన్నాయి. నెలకొకసారి ఒక తెల్లగుడ్డ, ఒక చిన్న ప్రొజెక్టరు పెట్టి, బొమ్మ ఆపుతూ మాట్లాడుకుంటూ చూడొచ్చు. ఆడవాళ్ళు రాగలిగే వేళకే ఆట వేయాలి.

సినిమాని ప్రేమించడం మనకి ఎవరూ నేర్పలేదు. గీతలు పడ్డ ప్రింటుని, సగం ఎగిరిపోయిన మాటల్ని, ఏడాది ఆలస్యాన్ని భరించి మరీ ప్రేమించాం. దాన్ని పిచ్చి అన్నవాళ్ళ చేతిలో మన సినిమా చరిత్రని ఇంక పెట్టకూడదు. అది మనమే రాసుకోవాలి, మనమే దాచుకోవాలి.